లా పరీక్ష మరల వ్రాయవలెనా?



నేను రాజమహేంద్రవరమున నలువది సంవత్సరములు వకీలుగా పనిచేసితిని. ఇప్పుడు కోర్టుకు పోవుట తగ్గి, వీధి అరుగు మీద కూర్చుండుట హెచ్చినది. ప్రతి సంవత్సరమును డిసెంబరు కడపటి దినములలో ఆ అరుగు మీదికి కొందరు తలిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకొని వత్తురు. వారి చేత దావా కాగితములుండవు. ఒక మార్కుల కాగితముండును. వారడుగునవి రెండే ప్రశ్నలు. ఈ ర్యాంకునకు లా కళాశాలలో సీటు వచ్చునా యనునది మొదటిది. రాకున్నచో వచ్చు సంవత్సరము మరల వ్రాయించుట మంచిదా యనునది రెండవది. ఈ సాయంకాలము ఈ రెండు ప్రశ్నలను గురించియే నాలుగు మాటలు మనవి చేసెదను.

ముందుగా నేను చేసిన పొరపాటొకటి చెప్పుకొనవలసి యున్నది. ఇరువది యేండ్లు నా కట్టలు మోసిన గుమాస్తా యొకడు మా యింటనుండెను. అతని కుమారుడు 2019లో ఇంటర్మీడియటు ముగించి, జాతీయ న్యాయ విశ్వవిద్యాలయముల ఉమ్మడి ప్రవేశపరీక్షకు, అనగా అందరును క్లాటు అని పిలుచు పరీక్షకు, కూర్చుండెను. సీటు వచ్చునంతటి ర్యాంకు రాలేదు. తండ్రీకొడుకులు నా యొద్దకు వచ్చిరి. కుర్రవాడు చురుకైనవాడు, వినయము కలవాడు. "ఏం చెయ్యమంటారు బాబుగారూ?" అని తండ్రి యడిగెను. "మళ్లీ వ్రాయించవయ్యా. ఇటువంటి పిల్లవాడికి ఏడాది ఒక లెక్కా?" అంటిని. అంతే. మార్కుల కాగితము చేత బట్టి చూచినవాడనైనను గాను.

నా మాట విని ఆ గుమాస్తా అప్పు చేసి కొడుకును హైదరాబాదునకు పంపెను. కుర్రవాడు మొదటి సంవత్సరము చదివిన పుస్తకములనే మరల చదివెను. ఇంతలో పరీక్ష స్వరూపమే మారిపోయెను. 2019 వరకు అది 200 ప్రశ్నల పరీక్ష. జ్ఞాపకముంచుకొనిన విషయములకు అందు మంచి విలువ యుండెడిది. 2020లో దానిని 150 ప్రశ్నలకు కుదించి, ప్రశ్నలన్నిటిని పెద్ద పెద్ద గద్యభాగముల క్రింద నిచ్చిరి. చదివి, గ్రహించి, సమాధానము చెప్పవలెను. పైగా కోవిడు మహమ్మారి వలన పరీక్ష వాయిదా మీద వాయిదా పడి కడపట సెప్టెంబరు 28న జరిగెను. కుర్రవాని రెండవ ర్యాంకు మొదటి దానికంటె క్రిందికి పోయెను. అప్పు తీరుటకు మూడేండ్లు పట్టెను.

ఆ పిల్లవాడు స్థానిక కళాశాలలో అయిదేండ్ల లా చదివి, 2025లో పట్టా పుచ్చుకొని, నా కడకే జూనియరుగా వచ్చెను. నన్నెన్నడును నిష్ఠురమాడలేదు. ఒకనాడు మాత్రము కట్టలు సర్దుచు, "ఆరోజు మీరు నా కాగితం ఒక్కసారి చూసి ఉంటే బాగుండేదండీ. ఇంట్లో నేను వ్రాసుకున్న మాదిరి పరీక్షల్లోనూ నాకు అవే మార్కులు వచ్చేవి" అనెను. ఆ మాటతో నాకు కన్ను తెరిపి యైనది. ఆ సంగతి వెనుకకు చెప్పెదను. మొదట పరీక్షను గురించి కొంత తెలిసికొందము.

మన దేశమున లా చదువు చిరకాలము బి.ఏ. తరువాతి చదువుగనే యుండెను. 1987లో బెంగుళూరున జాతీయ న్యాయ పాఠశాల వెలసి, ఇంటర్మీడియటు వెంటనే చేరదగిన అయిదేండ్ల చదువును నడపి చూపెను. ఆ తీరుననే 1998లో హైదరాబాదున నల్సార్ విశ్వవిద్యాలయమును, 2008లో విశాఖపట్టణమున ఇప్పుడు దామోదరం సంజీవయ్యగారి పేర నున్న విశ్వవిద్యాలయమును వెలసినవి. మొదట ఒక్కొక్కటి తన పరీక్ష తాను పెట్టుకొనెడిది. పిల్లలు రైళ్లలో ఊరూరు తిరుగవలసి వచ్చెడిది. 2008లో ఏడు విశ్వవిద్యాలయములు కలిసి ఉమ్మడి పరీక్ష నేర్పరచినవి. నేడు ఇరువదికి మించిన విశ్వవిద్యాలయములు దాని ననుసరించుచున్నవి. ఢిల్లీలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయము మాత్రము తన పరీక్షను వేరుగా పెట్టుకొనుచున్నది.

2024 ప్రవేశముల నుండి క్లాటున 120 ప్రశ్నలు, రెండు గంటల కాలము. ఒప్పునకొక మార్కు, తప్పునకు పావు మార్కు కోత. ఇంగ్లీషు, వర్తమాన విషయములు, న్యాయ వివేచన, తర్కము, కొంచెము గణితము, ఇవి అంగములు. ప్రశ్నపత్రము ఇంగ్లీషున నుండును. గద్యభాగ మొక్కొక్కటి ఇంచుమించు 450 మాటలని అధికారులే చెప్పుచున్నారు. దాని క్రింద నాలుగైదు ప్రశ్నలుండును. లెక్క వేసినచో విద్యార్థి రెండు గంటలలో పదివేల మాటలకు తక్కువ గాకుండ చదువవలసి వచ్చును. కావున ఇది తెలివికి మాత్రమే కాదు, చదువు వేగమునకును ఓర్పునకును కూడ పరీక్ష. ఈ పరీక్షకు వయఃపరిమితి లేదు; ఇన్నిమార్లే వ్రాయవలెనను నియమమును లేదు. నియమము లేకుండుట వలననే ఎప్పుడాగవలెనో మనమే నిశ్చయించుకొనవలసి యున్నది.

ఇక మొదటి ప్రశ్న: సీటు వచ్చునా?

పలువురు నా యొద్దకు వచ్చి, "మా పక్కింటి పిల్లకు ఇన్నే మార్కులు వచ్చాయండీ, సీటు వచ్చింది" అందురు. ఏ సంవత్సరమున? ఆ పరీక్ష 200 మార్కులదా, 150 మార్కులదా, 120 మార్కులదా? ప్రశ్నపత్రము సులభమా, కఠినమా? ఒక సంవత్సరపు మార్కును మరియొక సంవత్సరపు మార్కుతో పోల్చుట, మానికతో కొలిచిన ధాన్యమును గజముతో కొలిచిన బట్టతో పోల్చుట వంటిది. పోల్చవలసినది ర్యాంకును ర్యాంకుతో. అదియు తన వర్గపు ర్యాంకుతో. సాధారణ వర్గము, షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులు, ఆర్థికముగా వెనుకబడినవారు, కొన్నిచోట్ల స్త్రీలు, ఆయా రాష్ట్రముల వారు, వీరికి వేరువేరు స్థానములున్నవి. విశాఖపట్టణపు విశ్వవిద్యాలయమున సీటు కోరు ఆంధ్ర విద్యార్థి దేశమంతటికి జేరిన కడపటి ర్యాంకును మాత్రమే చూచి నిరాశ చెందరాదు. తన రాష్ట్రపు వరుసను కూడ చూచుకొనవలెను.

నేను పిల్లలచేత చేయించు పని యిది. తాము కోరిన విశ్వవిద్యాలయమున గత మూడేండ్లలో తమ వర్గమున సీటు దొరకిన కడపటి ర్యాంకు ఏదో, మూడంకెలు కాగితము మీద వ్రాయుమందును. ఊరకే ఉదాహరణమునకు అవి 1100, 1250, 1180 అనుకొందము. నీ ర్యాంకు ఈ మూడింటిలో మిక్కిలి చిన్నదైన 1100 కంటె లోపలనున్నచో, సీటు వచ్చునని నమ్మవచ్చును. 1100కును 1250కిని నడుమ నున్నచో, రావచ్చును, రాకపోవచ్చును. 1250ని దాటినచో, రాదని యెంచియే మిగిలిన యేర్పాట్లు చేసికొనవలెను. మనుష్య స్వభావమెట్టిదనగా, 1240 ర్యాంకు వచ్చినవాడు 1250ని మాత్రమే చూచును, 1100ని చూడడు. తనకు అనుకూలమైన సాక్షిని మాత్రమే పిలిచిన కక్షిదారు కోర్టున గెలుచుట అరుదు.

సీట్లు ఒక్క విడతలో నిండవు. పై ర్యాంకుల వారు ఒక చోటు విడిచి వేరొక చోటికి పోవుచుందురు. క్రింది వారు పైకి జరుగుదురు. కావున మొదటి జాబితాలో పేరు లేనంత మాత్రమున తొందరపడరాదు. కాని ప్రతి విడతకును రుసుములు, గడువులు ఉన్నవి. వానిని ముందే తెలిసికొని, డబ్బు చేతనుంచుకొని కూర్చుండవలెను. గడువు దాటిన దావావలెనే గడువు దాటిన సీటును తిరిగి రాదు.

మరియొక మాట. ఒక్క మార్కు కొరకు ప్రాణము పెట్టుకొనరాదు. ఒక్క మార్కును తేలికగా చూడను రాదు. 2024 డిసెంబరు 1న జరిగిన పరీక్షలో కొన్ని ప్రశ్నలకు ప్రకటించిన సమాధానములు తప్పని అభ్యర్థులు న్యాయస్థానములకెక్కిరి. ఆ వ్యాజ్యము ఢిల్లీ హైకోర్టును దాటి సుప్రీంకోర్టు వరకు పోయి, 2025 మే నెలలో తీర్పు వచ్చిన పిమ్మట ఫలితములు సవరింపబడినవి. జాబితా నడిమి భాగమున ఒక్క మార్కు చాల ర్యాంకులను కదల్చును. కనుక మన చేతనున్న ర్యాంకు కూడ శిలాశాసనము కాదు. ఒకనాటి కొలత మాత్రమే.

ఇక రెండవ ప్రశ్న. ఇది కష్టతరమైనది. సీటు రాదని తేలినది, మరల వ్రాయవలెనా?

గత డిసెంబరులో మా తమ్ముని మనుమరాలు ఈ పరీక్ష వ్రాసెను. ఆమె తండ్రి చిన్న యుద్యోగి. ఆమె వెనుక ఒక తమ్ముడున్నాడు. ఫలితము వచ్చిన మరునాడు తండ్రీకూతుండ్రు మా యింటికి వచ్చిరి. "పెదనాన్నా, మీరైనా చెప్పండి దీనికి. మళ్లీ వ్రాస్తానంటుంది. ఆడపిల్లకు ఏడాది పోగొట్టుకోవడం ఎందుకు? ఇక్కడే ఏదో ఒక కాలేజీలో చేరితే సరిపోదూ?" అని అతడనెను. అతని మాట నాకు సమంజసముగనే తోచినది. ఔనని తల యూపబోతిని. అంతట ఆ పిల్ల, "తాతయ్యా, నా కాగితం చూడకుండానే చెబుతారా?" అనెను.

శ్రోతలారా, నాకు సిగ్గు వేసెను. గుమాస్తా కొడుకు మగపిల్లవాడు, చూడకయే వ్రాయుమంటిని. ఈమె ఆడపిల్ల; చూడకయే వలదనబోతిని. ఇద్దరి విషయమునను నేను బిడ్డను చూచితినే గాని కాగితమును చూడలేదు. వెంటనే కండ్లజోడు తెప్పించుకొని కాగితము చేతబట్టితిని. ఆమె తాను గుర్తించిన సమాధానములను అధికారులు ప్రకటించిన సమాధానములతో సరిచూచి, ఎర్రసిరాతో గుర్తులు పెట్టి తెచ్చినది. అదియు నేనడుగకుండగనే.

లెక్క యిట్లున్నది. 120 ప్రశ్నలలో 112 వ్రాసెను. 74 ఒప్పులు, 38 తప్పులు. తప్పులకు తొమ్మిదిన్నర పోగా 64.5 మార్కులు. తరువాత నేనడిగిన ప్రశ్న, ఆనాడు గుమాస్తా కొడుకు నాకు నేర్పినది: "ఇంట్లో వ్రాసిన మాదిరి పరీక్షల్లో నీకు ఎన్ని వచ్చేవి?" కడపటి పది మాదిరి పరీక్షల మార్కులు ఆమె ఒక నోటుపుస్తకమున వ్రాసియుంచినది. సగటు 79. అన్నిటికంటె తక్కువ 72. అన్నిటికంటె ఎక్కువ 86.

ఇక్కడనే యసలు కిటుకున్నది. ఒక్కనాటి పరీక్షలో మార్కు అదృష్టదురదృష్టములను బట్టి కొంత పైకిని క్రిందికిని పోవుచుండును. జ్వరము, నిద్రలేమి, చేతికందిన గద్యభాగము, ఊహించి గుర్తించిన సమాధానము తగులుట, తగులకుండుట, ఇవన్నియు అందు చేరును. పదిమార్లు నిజముగా గడియారము పెట్టుకొని వ్రాసిన సగటు మన నిలుకడకు దగ్గరి సాక్ష్యము. అసలు పరీక్ష మార్కు ఆ సగటుకంటె చాల తగ్గినచో, రెండవమారు అది పైకి వచ్చునని యాశించుటకు ఆధారమున్నది. అసలు మార్కును సగటును ఒక్కటే యైనచో, మరల వ్రాసినను అంతే వచ్చును. చదువు తీరు మారిననే తప్ప. అసలు మార్కు సగటును మించినచో, అది మన మంచిరోజు. రెండవమారు తగ్గుటకే అవకాశమెక్కువ. గుమాస్తా కొడుకు రెండవ తెగకు చెందినవాడు. పుస్తకములు మారలేదు, తీరు మారలేదు. సంవత్సరము మాత్రమే మారెను. మా మనుమరాలు మొదటి తెగకు చెందినది. ఆమె మార్కు తన పదింటిలో మిక్కిలి తక్కువ దానికంటెను తక్కువ.

అయినను అదృష్టము బాగులేదనుకొని యూరకుండరాదు, కారణము వెదుకవలెను. 38 తప్పులను నాలుగు కుప్పలుగా వేసితిమి. 14 కడపటి ఇరువది నిమిషములలో గద్యభాగమును పూర్తిగా చదువక గుర్తించినవి. 11 వర్తమాన విషయములలో తెలియనివి. 9 న్యాయ వివేచనలోనివి. 4 లెక్కలలోనివి.

మొదటి కుప్పకు కారణమేమి? ఇంటివద్ద మాదిరి పరీక్షలన్నియు కంప్యూటరు తెర మీద వ్రాసినది. పరీక్షామందిరమున ఓఎంఆర్ కాగితము మీద పెన్నుతో వలయములు నింపవలెను. 2021 నుండి పరీక్ష అట్లే జరుగుచున్నది. ఒక్కొక్క వలయమునకు నాలుగైదు సెకనులైనను, 120 ప్రశ్నలకు పది నిమిషములు దాని క్రిందనే పోవును. ఆ పది నిమిషములను ఆమె లెక్కలో చేర్చుకొనలేదు. ఇది తెలివిలో లోపము కాదు, సాధనలో లోపము, దిద్దుకొనదగినది.

న్యాయ వివేచనలోని తొమ్మిది తప్పులు నాకు మిక్కిలి ముచ్చట గొలిపినవి. గద్యభాగమున ఒక న్యాయసూత్ర మిత్తురు. ఒక కథ చెప్పుదురు. ఆ సూత్రమును ఆ కథకు అన్వయింపుమందురు. ముందుగా చట్టము తెలిసియుండ నక్కరలేదు. మా పిల్ల సూత్రమును విడిచి, కథలోని బీదవానికి న్యాయము చేయబూనినది. "అమ్మా, నీకు జాలి ఉండటం మంచిదే. కాని జడ్జీగారి ముందు ముందుగా చట్టం ఏమందో చెప్పాలి, తరవాతనే జాలి" అంటిని. ఆమె నవ్వినది. ఇదియు దిద్దుకొనదగినదే.

ఊహించి గుర్తించుటను గూర్చి కూడ ఒక మాట. పావు మార్కు కోతకు భయపడి కొందరు తెలియని ప్రశ్నలన్నియు వదలుదురు. లెక్క చూడుడు. పదునారు ప్రశ్నలకు ఏమియు తెలియక గుర్తించినచో సగటున నాలుగు ఒప్పు, పండ్రెండు తప్పు, నాలుగు వచ్చి మూడు పోవును, మిగులునది ఒకటి. లాభము స్వల్పము. అదే ప్రతి ప్రశ్నలోను రెండు సమాధానములను నిశ్చయముగా కాదని తోసివేయగలిగినచో ఎనిమిది ఒప్పు, ఎనిమిది తప్పు. ఎనిమిదిలో రెండు పోగా ఆరు మిగులును. కావున గ్రుడ్డి యూహకు కాలము ఖర్చు పెట్టరాదు; సగము తెలిసినదానిని వదలనురాదు.

తప్పు ఒప్పైనచో వచ్చునది ఒక మార్కు కాదు, ఒకటింబావు. కడపటి కుప్పలోని 14లో ఏడింటిని, న్యాయ వివేచనలోని 9లో ఆరింటిని ఒప్పు చేసికొనగలిగినచో పదమూడు ప్రశ్నలకు పదహారుంబావు మార్కులు చేరి, 64.5 కాస్త 80.75 అగును. అది ఆమె మాదిరి పరీక్షల సగటునకు దగ్గర. అనగా మేమాకసమునకు నిచ్చెన వేయుట లేదు. ఆమె పదిమార్లు ఎక్కిన మెట్టునే అడుగుచున్నాము.

ఇంత చూచిన తరువాత ఆమె తండ్రితో, "నాయనా, ఈ కాగితం నీ కొడుకుది అయి ఉంటే ఏం చేసేవాడివి?" అంటిని. అతడు చాలసేపు మాటాడలేదు. పిదప మెల్లగా, "వ్రాయించేవాణ్ణి పెదనాన్నా" అనెను. అతనిని నేను తప్పు పట్టలేదు. అతడడిగిన మాటనే నేనును అనబోతిని గదా. మన యిండ్లలో కొడుకునకు రెండవ ప్రయత్నము హక్కుగా దొరకును. కూతురునకు అది విలాసముగా కనబడును. కాగితమునకు ఆ భేదము తెలియదు.

అయినను ఖర్చు సంగతి మరువరాదు. ఏడాది కాలము ఊరకే రాదు. శిక్షణాలయపు రుసుము, ఊరుగాని ఊరిలో బస, అన్నిటికంటె మించి ఇంటివద్ద కూర్చున్న పిల్లకు తోటివారు ముందుకు పోవుటను చూచెడి బాధ. సీటు వచ్చిన తరువాతను జాతీయ న్యాయ విశ్వవిద్యాలయములలో ఏటికి రెండు మూడు లక్షలు, కొన్నిచోట్ల అంతకు మించియు, అయిదేండ్లు కట్టవలెను. ఆ భారము మోయలేని యింటివారు మొదట బ్యాంకి ఋణమును, ఉపకారవేతనములను విచారించి, పిదప పరీక్ష మాట తలపెట్టవలెను. గెలిచిన తరువాత ఫీజు కట్టలేని దావా వేయుట యెందుకు?

మూడవ దారి యొకటి కలదు. ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను లాసెట్టు అను ప్రవేశపరీక్ష వేరువేరుగా జరుగుచున్నది. 120 ప్రశ్నలు, తొంబది నిమిషములు. తప్పునకు కోత లేదు. ప్రశ్నలను తెలుగున చదువుకొనవచ్చును. నూటికి 35 మార్కులు వచ్చినవారు అర్హులు. షెడ్యూల్డు కులముల, తెగల వారికి ఆ కనీస నియమము లేదు. ఇంటర్మీడియటు వారికి అయిదేండ్ల చదువు, పట్టభద్రులకు మూడేండ్ల చదువు. క్లాటు డిసెంబరున, లాసెట్టు వేసవి భాగమున జరుగుట వలన ఒకదానిలో తప్పినవారికి రెండవది అందుబాటున నుండును. అయిదేండ్ల చదువు దాటిపోయినను బి.ఏ. ముగించి మూడేండ్ల లా చదువవచ్చును. బెంగుళూరు విశ్వవిద్యాలయము కూడ 2022 నుండి మూడేండ్ల చదువు నడుపుచున్నది. తలుపు ఒక్కటే యని యెవరును పిల్లలకు చెప్పవలదు.

స్థానిక కళాశాలలను గురించి కొందరు చులకనగా మాటాడుదురు. కృష్ణా జిల్లా పొన్నవరమున రైతు కుటుంబమున పుట్టి, నాగార్జున విశ్వవిద్యాలయమున లా చదివి, 1983లో వకీలుగా నమోదైన ఎన్.వి. రమణగారు 2021లో భారత ప్రధాన న్యాయమూర్తి యైరి. ఆయన చదువునాటికి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయములు పుట్టలేదన్న మాట నిజమే. పెద్ద వ్యాపారసంస్థల కొలువులు, మంచి గ్రంథాలయములు, దేశము నలుమూలల నుండి వచ్చిన సహాధ్యాయుల సాంగత్యము, ఇవి ఆ విశ్వవిద్యాలయములలో ఎక్కువగా దొరకుననుటయు నిజమే. కాని వకీలుగా నిలువదలచిన పట్టభద్రులందరును, ఏ కళాశాలవారైనను, వ్రాయవలసిన అఖిల భారత బార్ పరీక్ష ఒక్కటే. తొడుగుకొను గౌను ఒక్కటే. జిల్లా కోర్టున వాదింపగోరు పిల్లకును, బొంబాయిలో పెద్ద సంస్థలో పనిచేయగోరు పిల్లకును ఒకే సలహా చెల్లదు. ఏ పని కొరకు లా చదువుచున్నావో ముందు చెప్పుమని నేనడుగుదును.

మా యూరి బారునకు కీర్తి తెచ్చిన టంగుటూరి ప్రకాశం పంతులుగారి సంగతి మీ రెరుగుదురు. ఆయన ఇక్కడ సెకండుగ్రేడు ప్లీడరుగా బాగుగా ఆర్జించుచుండియు, ఆ పట్టాతో పై కోర్టులలో వాదింప వీలులేకుండుట వలన, 1904లో సీమకు పోయి బారిస్టరై 1907లో తిరిగి వచ్చిరి. ఏ తలుపు తనకు మూసియున్నదో, ఏ తాళపుచెవి కావలెనో ఎరిగి మరల పరీక్షకు కూర్చుండిరి. మరల వ్రాయువారందరును నేర్వదగినది ఆ యెరుకయే.

మా మనుమరాలి విషయమున మేము చేసికొన్న యేర్పాటు చెప్పి ముగించెదను. ఆమె లాసెట్టు వ్రాసి సమీపపు కళాశాలలో చేరవలెను. చేరియు, డిసెంబరున క్లాటు మరియొక్కమారు వ్రాయవలెను. ప్రతి ఆదివారమును ఓఎంఆర్ కాగితము మీదనే, గడియారము ఎదుట పెట్టుకొని, మాదిరి పరీక్ష వ్రాయవలెను. మంచి ర్యాంకు వచ్చినచో అక్కడికి పోయి మొదటి సంవత్సరమున చేరును. రాకున్నచో ఉన్నచోటనే రెండవ సంవత్సరమునకు పోవును. మూడవమారు లేదు. ఈ షరతులను తానే కాగితము మీద వ్రాసి, తండ్రిచేత సంతకము చేయించి, సాక్షిగా నాచేతను చేయించినది. వకీలు కాదగిన పిల్లయే యని నాకు తోచినది. ఆదివారపు కాగితములను దిద్దువాడు మా గుమాస్తా కొడుకు. నేనడుగలేదు, తానే పూనుకొనెను.

ర్యాంకు ఏమగునో నేను చెప్పలేను. ఏమైనను ఆ దినమున మేము చేసిన నిశ్చయము చేతనున్న సాక్ష్యమును బట్టి చేసినది. వినుచున్న తలిదండ్రులకు నా మనవి యింతే. మీ బిడ్డ మార్కుల కాగితము తెచ్చి ముందు బెట్టినప్పుడు కోపముతోగాని జాలితోగాని జవాబు చెప్పకుడు. ప్రక్కన కూర్చుండి, ఆ కాగితమును చివరి గీత వరకు చదువుడు. మాదిరి పరీక్షల మార్కులడుగుడు. తప్పులను కుప్పలు వేయుడు. ఖర్చు లెక్క వ్రాయుడు. కొడుకైనను కూతురైనను అదే లెక్క వేయుడు. తరువాత వ్రాయుమన్నను, మానుమన్నను, ఆ మాట మీ బిడ్డ నమ్మును.